అశ్లీలం - అశోభనీయం

ఒక పుస్తకం మనకు నచ్చకపోతే మూసివేస్తాం. సినిమా నచ్చకపోతే టిక్కెట్టు కొనం. కొన్న తరువాత నచ్చకపోతే మధ్యలోనే లేచి వస్తాం. పత్రికను మడిచి పక్కన పెట్టవచ్చు. రేడియో మీట నొక్కి గొంతు ఆపవచ్చు. కాని బస్టాండు ఎదుట మేడమీద నిలబెట్టిన హోర్డింగును ఏమి చేయగలం? కళాశాల ప్రహరీగోడకు రాత్రికి రాత్రి అతికించిపోయిన పోస్టరును ఎలా మూసివేయగలం? కళాశాలకు వెళ్ళే బాలిక ఆ దారినే నడవాలి, ఆ గోడనే చూడాలి. తండ్రి చేయి పట్టుకొని బడికి పోయే పసివాడు ఆ బొమ్మను చూసి, అదేమిటని అడుగుతాడు. జవాబు చెప్పలేక తండ్రి అడుగు వేగం పెంచుతాడు. పుస్తకాన్ని మనం తెరుస్తాం. గోడ మాత్రం మన అనుమతితో పని లేకుండా తానే తెరుచుకొని ఉంటుంది. భావప్రకటన స్వేచ్ఛను గురించి సాగే వాదోపవాదాలలో ఈ తేడా తరచుగా మరుగున పడిపోతుంది.

న్యాయస్థానాలు ఈ తేడాను గుర్తించక పోలేదు. అమెరికాలోని యూటా రాష్ట్రం ఒకప్పుడు పొగాకు ప్రకటనలను రహదారి ఫలకాల మీద, ట్రాముబండ్లలో నిషేధించి, వార్తాపత్రికలలో మాత్రం అనుమతించింది. పత్రికకు లేని నిషేధం ఫలకానికి ఎందుకని ఒక ప్రకటనల సంస్థ న్యాయస్థానానికెక్కింది. 1932లో ఆ దేశపు సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. తీర్పు రాసిన న్యాయమూర్తి లూయీ బ్రాండైస్ చూపిన కారణం సరళమైనది. పత్రికలోని ప్రకటనను చదువరి ఎంతో కొంత తానుగా వెదికి చూస్తాడు; రేడియోను ఆపవచ్చు; వీధిలోని ఫలకం మాత్రం చూపరి మీదికి తోసుకొని వస్తుంది. నిజానికి అది వాక్స్వాతంత్ర్యాన్ని గురించిన వివాదం కాదు, చట్టం అందరినీ సమానంగా చూస్తున్నదా లేదా అనే వివాదం. అయినా తప్పించుకొనే వీలులేని చూపరి ఒకడు ఉన్నాడనీ, అతని పక్షాన కూడా న్యాయం ఆలోచించాలనీ చెప్పిన తొలి తీర్పులలో అది ఒకటి.

మనదేశంలో ఈ ప్రశ్నను న్యాయస్థానంలో కాక, నడివీధిలో నిలబెట్టిన మహనీయుడు ఆచార్య వినోబా భావే. 1951 ఏప్రిల్ 18న నాటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో భూదానోద్యమం ఆయన చేతులమీదుగా పుట్టిందన్న సంగతి తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 1960లో ఆయన చంబల్ లోయలో పాదయాత్ర చేసి, కొందరు బందిపోట్ల చేత ఆయుధాలు దింపించారు. ఆ తరువాత మధ్యప్రదేశ్‌లోని ఇందోర్ నగరానికి చేరి, కొన్ని వారాలపాటు అక్కడే ఉన్నారు. బందిపోట్ల తుపాకులకు చలించని ఆ వృద్ధుడిని ఇందోర్ గోడలు కలవరపెట్టాయి. ఎటు చూసినా సినిమా పోస్టర్లు! వీధిన పోయే పిల్లలకు ఇవి కామ విషయంలో ఉచిత నిర్బంధ విద్య గరపుతున్నాయని ఆయన ఆక్షేపించారు. ప్రాథమిక విద్యకు వాడే మాటనే ఇలా మళ్ళించడంలోని చురుకు గమనించదగినది. ఉచితం, ఎందుకంటే రుసుము లేదు. నిర్బంధం, ఎందుకంటే తప్పించుకొనే దారి లేదు.

వినోబా అక్కడ రెండు మాటలను వేరుచేశారు. ఒకటి అశ్లీలం, రెండవది అశోభనీయం. అశ్లీలమైనది శిక్షార్హం, దానిని చట్టం చూసుకుంటుంది. అశోభనీయం అంటే శోభించనిది, అంటే ఆ చోటికి తగనిది. ఒక చిత్రం తనంత తానుగా నేరం కాకపోవచ్చు. చిత్రశాలలోనో, పుస్తకం పుటల మధ్యనో దానికొక తావు ఉండనూ వచ్చు. కాని అదే చిత్రం బాలికల పాఠశాల ఎదుట నిలువెత్తున వెలసినప్పుడు అశోభనీయం అవుతుంది. దీనిని చట్టం పట్టలేదు. పట్టవలసినది పౌరుల సభ్యతాభావం. అందుకే ఆయన ముందు నగరవాసుల మనస్సులను కదిలించడానికీ, సినిమా వ్యాపారులకు నచ్చజెప్పడానికీ పూనుకున్నారు. అది ఫలించనప్పుడే సత్యాగ్రహం అన్నారు. ఒక భూమి సమస్య మీద దేశమంతా నడిచిన మనిషి పోస్టర్ల కోసం ఆగిపోవడమేమిటని ఆనాడు ముక్కున వేలు వేసుకున్నవారు లేకపోలేదు. వినోబా దృష్టిలో అవి రెండూ ఒకే సమస్య: ఊరి భూమి ఎవరిది, ఊరి గోడ ఎవరిది?

అయితే ఈ విభజనలో ఒక చిక్కు దాగి ఉన్నది. అశోభనీయం అని నిర్ణయించేది ఎవరు? ఒకరి కన్నుకు శోభించనిది మరొకరికి కళగా తోచవచ్చు. ఒక ఊరి పెద్దలకు స్త్రీ అర్ధనగ్న చిత్రం అశోభనీయమైతే, మరొక ఊరి పెద్దలకు స్త్రీ సైకిలు తొక్కే చిత్రమే అశోభనీయం కావచ్చు. వినోబా వంటి వివేకి చేతిలో ఈ మాట గంధపు చెక్క. మూకల చేతిలో అదే దుడ్డుకర్ర. కనుక ఇక్కడ రాజ్యాంగాన్ని ఒకసారి పరికించడం అవసరం.

భారత రాజ్యాంగంలోని 19వ అధికరణం మొదటి ఖండం పౌరులందరికీ వాక్స్వాతంత్ర్యాన్ని, భావప్రకటన స్వేచ్ఛను ప్రసాదించింది. అదే అధికరణం రెండవ ఖండం ఆ స్వేచ్ఛకు కొన్ని హద్దులు గీసింది. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతి భద్రతలు, సభ్యత లేదా నైతికత, న్యాయస్థాన ధిక్కారం, పరువునష్టం, నేరానికి పురికొల్పడం - ఈ కారణాలపై మాత్రమే రాజ్యం పరిమితులు విధించవచ్చు. ఆ పరిమితులు ‘సమంజసమైనవి’గా ఉండాలన్న షరతు 1951లో మొదటి సవరణ ద్వారా చేరింది. ఆ ఒక్క విశేషణం విలువ అపారం. పరిమితి సమంజసమా కాదా అని ప్రశ్నించే అధికారం దాని వల్లనే న్యాయస్థానాలకు లభించింది. విద్యార్థులు ఇంకొక విషయం గమనించాలి. ఈ పట్టికలో ‘మనస్తాపం’ అనే మాట లేదు. ‘అభ్యంతరకరం’ అనే మాట కూడా లేదు. నాకు నచ్చలేదు, నా మనసు నొచ్చింది అన్నంత మాత్రాన ఎదుటివారి నోరు మూయించే హక్కు ఎవరికీ సంక్రమించదు.

కాని చట్టాల పేర్లలో ఆ మాట తరచుగా కనిపిస్తుంది. మాయమందులకు సంబంధించిన అభ్యంతరకర ప్రకటనలపై కేంద్రం 1954లోనే చట్టం చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1997లో మరొక చట్టం చేసింది. బహిరంగ స్థలాలను వికృతపరచడాన్ని నివారించడానికి, అశ్లీల, అభ్యంతరకర పోస్టర్లను, ప్రకటనలను నిషేధించడానికి ఉద్దేశించినది అది. ఆ పొడవాటి పేరులోనే వినోబా చేసిన విభజనకు ఛాయలు కనబడతాయి. అశ్లీలం ఒక మాట, అభ్యంతరకరం వేరొక మాట. అయితే రెండవ మాటను అధికారి తన ఇష్టం వచ్చినట్లు సాగదీయడానికి వీలులేదు. దాని మీద ఆధారపడే ప్రతి చర్యా రాజ్యాంగం గీసిన ఆ హద్దులలోనే నిలబడాలి.

ఇంతకూ వ్యాపార ప్రకటన భావప్రకటన అవుతుందా? సబ్బును అమ్మడానికి చెప్పే మాటకూ, ప్రభుత్వాన్ని విమర్శించే మాటకూ ఒకే రక్షణ ఉంటుందా? 1959లో హమ్‌దర్ద్ దవాఖానా కేసులో సుప్రీంకోర్టు పైన చెప్పిన 1954 నాటి చట్టాన్ని పరిశీలించింది. అందులోని కొన్ని భాగాలను కొట్టివేస్తూనే, సరుకు అమ్ముకోవడానికి ఇచ్చే ప్రకటన వాక్స్వాతంత్ర్యపు గొడుగు కిందికి రాదన్న దృక్పథాన్ని వెల్లడించింది. 1995లో టాటా ప్రెస్ కేసులో అదే న్యాయస్థానం భిన్నంగా చెప్పింది. వ్యాపార ప్రకటన కూడా 19వ అధికరణం రక్షించే భావప్రకటనలో భాగమేననీ, సమాచారం పొందే హక్కు కొనుగోలుదారుకూ ఉన్నదనీ, అయితే మోసపూరితమైన, తప్పుదారి పట్టించే ప్రకటనలను రాజ్యం నియంత్రించవచ్చుననీ ఆ తీర్పు సారాంశం. నేడు ప్రకటనకర్త ‘నాకూ స్వేచ్ఛ ఉన్నది’ అంటే అది డాంబికం కాదు. అతనికి ఉన్నది.

అశ్లీలతను కొలిచే కొలబద్ద కూడా మారింది. ఒక రచన లేదా చిత్రం బలహీన మనస్కులను చెడగొట్టే ధోరణి కలిగి ఉన్నదా అని చూసే పాత ఆంగ్ల సూత్రాన్ని మన న్యాయస్థానాలు చాలాకాలం పాటించాయి. ఆ సూత్రం 1868 నాటిది. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు దానిని పక్కకు నెట్టింది. చిత్రాన్ని మొత్తంగా, దాని సందర్భంతో కలిపి, సమకాలీన సమాజపు ప్రమాణాలతో తూచాలని చెప్పింది. ఇది హర్షించవలసిన మార్పే. కాని దీని వల్ల అశ్లీలం అనే వలయం కుదించుకుపోయి, దాని వెలుపల మిగిలే అశోభనీయం అనే ప్రదేశం మరింత విశాలమైంది. అక్కడ పోలీసుకు పని లేదు. పౌరునికి ఉన్నది.

ఆ పని ఎలా ఉంటుందో చూపడానికి ఒక ఉదంతం చాలు. ఇందులో అర్ధనగ్న చిత్రమేదీ లేదు. అందరూ నిండుగా బట్టలు కట్టుకున్నవారే. 2000ల తొలినాళ్ళలో ఫెయిర్ అండ్ లవ్లీ అనే ముఖలేపనానికి టెలివిజన్‌లో ఒక ప్రకటన వచ్చేది. సంసారం గడవక ఇబ్బందిపడే తండ్రి, తనకు కొడుకు లేడని నిట్టూరుస్తాడు. చామనఛాయ కూతురు ఆ మాట వింటుంది. లేపనం రాసుకుంటుంది, తెల్లబడుతుంది, విమానంలో పరిచారికగా ఉద్యోగం సంపాదిస్తుంది. కుటుంబం సంతోషిస్తుంది. అర నిమిషంలో ముగిసే ఈ కథ ఎన్ని ఇళ్ళలో ఎన్నిసార్లు మోగిందో లెక్కలేదు. పరీక్షలో ప్రథమ శ్రేణి తెచ్చుకున్న అమ్మాయి కూడా ఆ రాత్రి అద్దంలో చూసుకొని ఉంటుంది.

అఖిల భారత ప్రజాస్వామిక మహిళా సంఘం 2002లో దీనిపై ఫిర్యాదు చేసింది. ఆ సంఘం చూపిన అభ్యంతరాలు మూడు: నల్లని చర్మాన్ని ఇది కించపరుస్తున్నది, కొడుకే కావాలన్న దురాశను పోషిస్తున్నది, ఉద్యోగం చేసే స్త్రీ యోగ్యతను ఆమె ముఖచర్మానికి కుదించి అవమానిస్తున్నది. తయారీ సంస్థ హిందుస్థాన్ లీవర్ నుంచి తగిన స్పందన రాకపోవడంతో వారు జాతీయ మానవ హక్కుల సంఘాన్ని ఆశ్రయించారు. విషయం కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వశాఖకు చేరింది. కేబుల్ టెలివిజన్ చట్టం కింద రూపొందిన నియమావళి ఏ జాతినీ, కులాన్నీ, వర్ణాన్నీ హేళన చేసే ప్రకటనలను అనుమతించదు. స్త్రీని లొంగుబాటుకు ప్రతీకగా చూపడాన్నీ అది ఒప్పుకోదు. మంత్రిత్వశాఖ నోటీసులు ఇచ్చింది. 2003లో ఆ ప్రకటనల ప్రసారం ఆగిపోయింది.

ఇక్కడ ఎవరి దుకాణమూ పగలలేదు. ఎవరి మీదా రాయి పడలేదు. లేపనాన్ని నిషేధించమని కాదు, ఆ కథను ఆపమని వారు అడిగారు. ప్రదర్శన జరపడం, నినాదం చేయడం కూడా భావప్రకటనలో భాగమేనని సుప్రీంకోర్టు 1962లోనే కామేశ్వర్ ప్రసాద్ కేసులో చెప్పి ఉన్నది. అది శాంతియుతంగా ఉండాలన్నదే నియమం. అంటే ప్రకటన ఒక మాట అయితే, నిరసన దానికి ఎదురుమాట. ఫలితం వెంటనే సంపూర్ణంగా రాలేదన్నదీ నిజమే. తెల్లదనాన్ని అమ్మే ప్రకటనలు వేషం మార్చుకొని కొనసాగాయి. 2014లో భారత ప్రకటన ప్రమాణాల మండలి, అంటే ఆస్కీ, వీటికి ప్రత్యేక మార్గదర్శక సూత్రాలు విడుదల చేసింది. 1985లో ఏర్పడిన ఈ మండలి ప్రభుత్వ శాఖ కాదు. పరిశ్రమ తనకు తాను ఏర్పరచుకున్న వ్యవస్థ. నల్లని చర్మం ఉన్నవారిని దుఃఖితులుగా, ఉద్యోగానికీ, వివాహానికీ అనర్హులుగా చూపరాదని ఆ సూత్రాలు చెప్పాయి. 2020లో వర్ణవివక్షకు వ్యతిరేకంగా ప్రపంచమంతటా గళాలు లేచిన తరుణంలో ఆ లేపనం తన పేరులోని ‘ఫెయిర్’ అనే మాటను వదులుకొని ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. డబ్బా మీద పేరు మారడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది.

నిరసనకు మరొక ముఖం కూడా ఉన్నది. దానిని దాచిపెట్టడం న్యాయం కాదు. అదే 2020 అక్టోబరులో తనిష్క్ అనే ఆభరణాల సంస్థ ఒక ప్రకటన విడుదల చేసింది. ఒక ముస్లిం కుటుంబం తమ ఇంటి హిందూ కోడలికి ఆమె పుట్టింటి ఆచారం ప్రకారం సీమంతం జరిపిస్తుంది. అంతే కథ. దానిపై సామాజిక మాధ్యమాలలో ఆగ్రహం పెల్లుబికింది. సంస్థను బహిష్కరించాలన్న పిలుపులు వచ్చాయి. గుజరాత్‌లోని ఒక దుకాణానికి బెదిరింపులు వెళ్ళాయి. సంస్థ తన ఉద్యోగుల క్షేమాన్ని కూడా ప్రస్తావిస్తూ ప్రకటనను ఉపసంహరించుకొన్నది. ఫిర్యాదును పరిశీలించిన ఆస్కీ ఆ ప్రకటనలో అసభ్యమైనదేదీ లేదని తేల్చింది. అప్పటికే అది తెరల మీదినుంచి తొలగిపోయింది.

ఈ రెండు ఉదంతాలలోనూ కొందరి మనసులు నొచ్చాయి. రెండింటిలోనూ ప్రకటన ఆగిపోయింది. అయితే రెండూ ఒకటేనా? కానేకావని నా అభిప్రాయం. మొదటి ప్రకటన ఒక వర్గం మనుషులను, వారు మార్చుకోలేని లక్షణాన్ని చూపి, తక్కువవారని చెప్పింది. రెండవ ప్రకటన ఎవరినీ తక్కువ చేయలేదు. కొందరికి ఇష్టంలేని ఒక అనుబంధాన్ని మాత్రం చూపింది. అవమానం వేరు, అయిష్టం వేరు. అవమానానికి గురైనవాడు తన గౌరవాన్ని తిరిగి అడుగుతాడు. అయిష్టపడినవాడు ఎదుటివాడి జీవితమే కనబడకూడదంటాడు. కొనుగోలుదారు తనకు నచ్చని దుకాణానికి వెళ్ళకపోవడం అతని స్వేచ్ఛ, అందులో తప్పేమీ లేదు. దుకాణంలోని ఉద్యోగిని భయపెట్టడం మాత్రం స్వేచ్ఛ కాదు.

బెదిరింపుకు లొంగి మాటను ఆపడం గురించి మన సుప్రీంకోర్టు చాలా ముందుగానే హెచ్చరించింది. ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ అనే తమిళ చిత్రం రిజర్వేషన్ల విధానాన్ని విమర్శించిందనీ, ప్రదర్శిస్తే అల్లర్లు జరుగుతాయనీ వాదన వచ్చినప్పుడు, 1989లో రంగరాజన్ కేసులో న్యాయస్థానం ఆ వాదాన్ని తోసిపుచ్చింది. మాటకూ, దాని వల్ల కలిగే ప్రమాదానికీ మధ్య ఉన్న సంబంధం మందుగుండు పీపాలో పడిన నిప్పురవ్వ వలె ప్రత్యక్షమైనదిగా ఉండాలి. ఊరేగింపుల భయంతో, హింస జరుగుతుందన్న బెదిరింపుతో భావప్రకటనను అణచివేయరాదు. హింసను అడ్డుకోవడమే రాజ్యం పని.

మరి పోస్టరు మీద తారు పూయడం సంగతి ఏమిటి? మన పట్టణాలలోనూ అసభ్య సినిమా పోస్టర్లను చించి, తారు పూసి నిరసించిన సందర్భాలు ఉన్నాయి. ఫిర్యాదు చేసి చేసి విసిగిన స్త్రీలు నిచ్చెన ఎక్కినప్పుడు వారిని తప్పుపట్టడానికి మనసొప్పదు. తమ చూపు మీద జరిగిన దాడికి వారు చేతికందిన సాధనంతో జవాబిచ్చారు. అయినా ఆ పద్ధతిని సాధారణ నియమంగా ఒప్పుకోవడం కష్టం. తారు డబ్బాకు వివేచన తెలియదు. నేడు అవమానాన్ని చెరిపిన కుంచె రేపు ఎవరి చేతికైనా అందుతుంది; అప్పుడది ఎన్నికల పోస్టరును చెరుపుతుంది, కవిసమ్మేళనం పోస్టరును చెరుపుతుంది. పక్కన మరొక పోస్టరు పెట్టినవారు, గోడ యజమానిని, మునిసిపల్ కమిషనరును లిఖితపూర్వకంగా అడిగినవారు, థియేటరు ఎదుట అట్టముక్కలు పట్టుకొని నిలబడినవారు కొంత ఆలస్యంగానైనా ఎక్కువ సాధించారని ఫెయిర్ అండ్ లవ్లీ ఉదంతమే చెబుతున్నది.

వినోబా ఇందోర్‌లో చూసిన గోడ నేడు చాలావరకు చేతిలోని ఫోనులోకి వచ్చింది. ఇక్కడ ఒక కొత్త చిక్కు ఏర్పడింది. గోడమీది పోస్టరును ఊరంతా చూసేది. అందుకే ఊరంతా కలిసి మాట్లాడుకొనేది. ఫోనులోని ప్రకటన ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరుగా వస్తుంది. ఆ అమ్మాయి ఏమి వెదికిందో, ఏ చిత్రం దగ్గర ఎంతసేపు ఆగిందో లెక్కగట్టి, ఆమెకు మాత్రమే కనిపించే విధంగా వస్తుంది. బరువు తగ్గమనీ, రంగు మారమనీ, ఎత్తు పెరగమనీ ఆమె చెవిలో మాత్రమే చెబుతుంది. పక్కన కూర్చున్న స్నేహితురాలికి కూడా ఆ సంగతి తెలియదు. నలుగురూ చూడని అవమానానికి నలుగురినీ కూడగట్టడం ఎలా? ఈ ప్రశ్నకు న్యాయశాస్త్రం ఇంకా సమాధానం వెదుకుతూనే ఉన్నది. అంతవరకు మిగిలిన మార్గాలలో ఒకటి చాలా చిన్నది. ఆస్కీకి ఫిర్యాదు చేయడానికి న్యాయవాది అవసరం లేదు, రుసుము లేదు. ఏ పౌరుడైనా రాయవచ్చు. ప్రకటన ఎప్పుడు, ఎక్కడ కనిపించిందో రాసి, వీలైతే దాని ప్రతిని జతచేయాలి. ఫోనులో ప్రకటన మళ్ళీ కనిపిస్తుందన్న నమ్మకం లేదు కనుక, చూసిన వెంటనే తెరను చిత్రంగా భద్రపరచుకోవడం మంచిది.